మూడో సెట్టు

బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప రాయిని విశాఖ రేవుకి దింపడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు. 58 సొరంగాలు. రాయి కిందికి దిగుతుంటే ఉత్తరాంధ్ర జనం పైకెక్కారు. మా బాబాయి అలా ఎక్కినవాడే. బచేలిలో ఎన్‌ఎండీసీ గనిలో ఉద్యోగం, కాలనీలో క్వార్టరు, గుమ్మం ముందు బస్తర్ ఎర్రమట్టి మీద పిన్ని వేసిన విజయనగరం ముగ్గు. క్వార్టర్ల వెనక ఒక సిమెంటు కోర్టు ఉండేది. సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లు పొట్ట తగ్గించుకోవడానికి ఆడేవారు. కొత్త బంతి తీసిన పది నిమిషాలకే ఇటుక రంగుకి తిరిగేది. తెల్ల మేజోళ్లు తెల్లగా ఉన్న ఇల్లు ఆ కాలనీలో నేను చూడలేదు.

2005 ఫిబ్రవరి 12న హైదరాబాదులో సానియా మీర్జా ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొందరెంకోని ఓడించి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. మనదేశపు ఆడపిల్ల ఒకతె ఆ స్థాయి టైటిల్ గెలవడం అదే మొదలు. రెండోది ఇంకా రాలేదు. ఆ సంగతి అప్పుడు ఎవరికి తెలుసు? తెలుగు రాష్ట్రంలోనూ బయటా ఆ వారం ఎన్ని ఇళ్లలో రాకెట్లు కొన్నారో. బాబాయి రాత్రి బండెక్కి విశాఖ వెళ్లి ఒకటి కొనుక్కొచ్చాడు. మా చెల్లెలికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఇంట్లో బుజ్జి అంటాం.

ఆ సిమెంటు కోర్టు మీద ఆఫీసర్లందరినీ ఓడించడానికి దానికి మూడేళ్లు పట్టలేదు. ఆ తరవాత అక్కడ ఆడటానికి ఎవరూ మిగల్లేదు. పిన్ని, అదీ హైదరాబాదులో ఒక గది తీసుకున్నారు, బాబాయి బచేలిలో ఉండిపోయాడు. పీఎఫ్‌లోంచి మొదటి అప్పు, తరవాత రెండోది, ఆపైన బొండపల్లి దగ్గర ఉన్న ఎకరం. ఏ మధ్యతరగతి ఆటగాళ్ల ఇంట్లోనైనా ఇదే వరస కాబట్టి ఇక్కడ సాగదీయను. పద్దెనిమిదేళ్లకి బుజ్జి ప్రొఫెషనల్ అయింది. అంటే ఏమిటో మా వాళ్లెవరికీ సరిగా తెలియదు. టీవీలో కనిపిస్తుందనుకున్నారు.

టెన్నిస్ అంటే మనకి వింబుల్డన్ పచ్చిక, తెల్ల బట్టలు, స్ట్రాబెర్రీలు. దానికి కింద ఐటీఎఫ్ నడిపే చిన్న టోర్నీలుంటాయి. అన్నిటికంటే చిన్నదాంట్లో టోర్నీ మొత్తానికి ప్రైజ్ మనీ 15 వేల డాలర్లు. గెలిచిన అమ్మాయికి 2,352 డాలర్లు. మొదటి రౌండులోనే ఓడితే 147. ర్యాంకు చాలకపోతే ఆ మొదటి రౌండు దాకా రావడానికి ముందు క్వాలిఫయింగ్ గెలవాలి. అందులో ఓడితే రూపాయి రాదు. విమానం టికెట్టు, హోటలు, తిండి, రాకెట్ తీగలు, వీసా ఫీజు అన్నీ మనవే. వచ్చిన ర్యాంకింగ్ పాయింట్లయినా నిలుస్తాయా అంటే, 52 వారాలు తిరిగేసరికి రాలిపోతాయి. అక్కడే నిలబడటానికి ప్రతి ఏడూ అంతే గెలవాలి.

ఐటీఎఫ్ వాళ్లే 2013 సంవత్సరం లెక్కలు తీసి చూశారు. ఆ ఏడు 4,862 మంది అమ్మాయిలు ప్రొఫెషనల్ టోర్నీలు ఆడితే 2,212 మందికి ఒక్క డాలరూ ముట్టలేదు. కోచ్ జీతం కలపకుండానే ఏడాది ఖర్చు సగటున 40,180 డాలర్లు. ఖర్చూ రాబడీ సరిపోవాలంటే ప్రపంచంలో 253వ ర్యాంకు లోపల ఉండాలి. మన తెలుగు పిల్లల్లో మంచి ఆట ఆడేవాళ్లున్నారు. సహజ యమలపల్లి 2024 ఫిబ్రవరిలో ముంబయి ఓపెన్‌లో టాప్ సీడ్ కేలా డేని ఓడించింది. భమిడిపాటి రష్మిక శ్రీవల్లి 2025లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్పులో ఆడిన అయిదు సింగిల్సూ గెలిచింది. ఇంత ఆడే పిల్లలు కూడా ఆ 253 అనే గీత దగ్గర కొట్టుకున్నవాళ్లే. మా బుజ్జి అంత దూరం వెళ్లలేదు. ఒకసారి ఏడొందల్లోకి తొంగిచూసి వెనక్కి వచ్చేసింది. అయినా ప్రపంచంలో ఆ ఆట ఆడే ఆడవాళ్లని వరసగా నిలబెడితే మన పిల్ల ఏడొందల్లో ఉందంటే, ఇంకే ఉద్యోగంలోనైనా దండలు వేసి ఊరేగిస్తారు కదా అని బాబాయి అనేవాడు. ఆయన మాట కొట్టెయ్యలేం.

ట్యునీషియాలో మొనాస్టిర్, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్, టర్కీలో అంటాల్యా. ఈ మూడు ఊళ్లలోనూ రిసార్టుల్లో వారం వారం ఈ టోర్నీలు జరుగుతుంటాయి. ఒక టికెట్టు కొనుక్కుని వెళితే నాలుగైదు టోర్నీలు ఆడి రావచ్చు. సోమవారం ఓడితే వచ్చే సోమవారం దాకా ఖాళీ, గది అద్దె మాత్రం నడుస్తుంది. బుజ్జి ఇంకో ఇద్దరు అమ్మాయిలతో గది పంచుకునేది. పిన్ని వేయించి కట్టిచ్చిన ఉప్మా రవ్వని కరెంటు కెటిల్లో ఉడికించుకునేది. తెగిన తీగలు వెంటనే మార్పిస్తే డబ్బు అయిపోతుందని ఒక రాకెట్ తెగాక రెండోదానితో, అదీ తెగితే ఎదుటి పిల్లని బతిమాలి తెచ్చుకున్నదానితో మ్యాచ్ ముగించిన రోజులున్నాయి. కాళ్లు పట్టించుకోవాలంటే అదో ఖర్చు. అందుకని రాత్రిళ్లు గోడకి కాళ్లు ఎత్తిపెట్టి పడుకునేది.

కోర్టు చుట్టూ ఎవరుంటారు? అవతలి పిల్ల తల్లి ఉంటే ఉంటుంది. ఒక పిల్లి ఉంటుంది. కుర్చీ మీద అంపైరు. ఆ అంపైరు ప్రతి పాయింటుకీ చేతిలోని చిన్న యంత్రం మీద వేలితో నొక్కుతాడు. ఆ స్కోరు అప్పటికప్పుడు ప్రపంచమంతా పాకుతుంది. బచేలికి తిరిగొచ్చేసిన పిన్ని దేవుడి గూటి ముందు ఫోను పెట్టుకుని కూర్చుని చూసేది కూడా అదే. ఈ నొక్కుడు హక్కుల్ని 2015లో ఐటీఎఫ్ స్పోర్ట్‌రాడార్ అనే కంపెనీకి అయిదేళ్లకి 7 కోట్ల డాలర్లకి అమ్మింది. పిల్లి తప్ప ఎవరూ చూడని ఆట స్కోరుతో అంత డబ్బు పోసినవాళ్లకి ఏం పనో మేమెవరం ఆలోచించలేదు. పిన్నికి కనిపిస్తోంది, అంతే చాలు.

బుజ్జి ఆటలో ఒక జబ్బుంది. మొదటి సెట్ బ్రహ్మాండంగా ఆడుతుంది. రెండో సెట్ పోరాడి పోగొట్టుకుంటుంది. మూడో సెట్టుకి వచ్చేసరికి కాళ్లు రావు. కోచ్ ఫిట్‌నెస్ అన్నాడు, తిండి అన్నాడు, మనసు అన్నాడు. మూడూ నిజమే. మూడింటికీ డబ్బు కావాలి.

ఒక్కసారి మాత్రం కాళ్లు వచ్చాయి. అంటాల్యాలో సీడెడ్ అమ్మాయి మీద మూడో సెట్ 7-5. ఆ గెలుపుతో క్వార్టర్ ఫైనల్, 367 డాలర్లు. ఆ రాత్రి బచేలి కాలనీలో బాబాయి లడ్డూలు పంచాడు. ఓడిన రోజుల్లో దాని ఇన్‌స్టాగ్రామ్ నిండా తెలియని పేర్లతో తిట్లు రావడం అప్పటికే మామూలైపోయింది. ఆ సర్క్యూట్లో ఏ అమ్మాయికైనా ఇది తప్పదట, పొద్దున్న పళ్లు తోముకుంటూ చెరిపేస్తారట. చిత్రమేమిటంటే ఆ గెలిచిన రాత్రి కూడా ఒకటి వచ్చింది. హిందీలో, అక్షరం దోషం లేకుండా, తల్లినీ తాతనీ కలిపి. ‘గెలిస్తే తిట్టేవాడు కూడా ఉన్నాడన్నయ్యా’ అని ఫోన్‌లో తెగ నవ్వింది.

ఆ నవ్వు తరవాత రెండు సీజన్లు ఈడ్చింది. పాయింట్లు రాలిపోయాయి. బాబాయి రిటైరయ్యాడు. దసరాకి ఇంటికొచ్చి, ఇక ఆడనని చెప్పేసింది. బాబాయి ఏమీ అనలేదు, పెరట్లోకి వెళ్లి చాలాసేపు మొక్కలకి నీళ్లు పోశాడు. జగదల్‌పూర్‌లో ఒక స్కూలు వాళ్లు పీఈటీ ఉద్యోగం ఇస్తామన్నారు. వాళ్లతో మాట్లాడటానికి ఆ ఊళ్లోనే ఉన్న మా ఇంటికి వచ్చింది.

బస్తర్ దసరా అంటే 75 రోజులు. రావణుడి ఊసు లేదు, అంతా దంతేశ్వరి అమ్మవారిదే. చెక్క రథం లాగేటప్పుడు ఆ వీధుల్లో నిలబడ్డవాళ్లు తమ కాళ్లమీద నడవరు, జనమే నడిపిస్తుంది. ఆ తొక్కిసలాటలో బుజ్జి ఫోను కింద పడింది. పది దేశాలు తిరిగొచ్చిన ఫోను, సొంత గడ్డ మీద పగిలింది. మర్నాడు స్కూలు వాళ్లు ఫోన్ చేస్తారు, కాబట్టి ఆ సాయంత్రమే గోల్‌బజార్‌లో ఒక సెల్‌ఫోన్ షాపుకి తీసుకెళ్లాను.

చిన్న షాపు, కొత్తది. అద్దాల కౌంటరుకి ఇంకా ప్లాస్టిక్ పొర తీయలేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని వాడూ తెలుగులోకి దిగాడు. వాళ్లది కుంట వైపట. స్క్రీన్ మార్చడానికి 1,800 అన్నాడు. బిల్లు పుస్తకం తీసి పేరడిగాడు. చెప్పింది.

వాడి పెన్ను ఆగిపోయింది. తలెత్తి చూశాడు. ఇంటిపేరు మొత్తం, ఆ తరవాత దాని అసలు పేరులో మొదటి అక్షరం ఒక్కటే, అలా వరస తిప్పి పలికి, “ఆ ప్లేయర్ మీరేనా అక్కా?” అన్నాడు.

పదేళ్ల ఆటలో ఆ ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు. టెన్నిస్ ఆడతానంటే, సానియా తెలుసా అనే అడుగుతారు ఎవరైనా. బస్తర్‌లోనైతే అదీ అడగరు. 2024లో ఇక్కడ బస్తర్ ఒలింపిక్స్ అని పెద్ద ఎత్తున మొదలుపెట్టారు, విలువిద్య నుంచి తాడు లాగుడు దాకా ఉన్నాయి, టెన్నిస్ లేదు. అలాంటి చోట పాత స్క్రీన్లూ చార్జర్లూ వేలాడుతున్న షాపులో ఈ మాట.

“నీకెలా తెలుసు?” అంది బుజ్జి.

“తెలియకపోవడమేంటక్కా! మొనాస్టిర్‌లో ఆ రొమేనియా పిల్లతో మొదటి సెట్ 6-2 కొట్టారు. రెండోది టైబ్రేక్ దాకా లాగారు. మూడోది 1-6. షర్మ్‌లో ఇంకో మ్యాచ్, మూడో సెట్లో 2-1 మీద ఉన్నారు, ఆ తరవాత ఒక్క గేమ్ రాలేదు. మీ మ్యాచ్ ఏదీ వదల్లేదు నేను.”

వాడు స్క్రూలు విప్పుతూనే చెబుతున్నాడు. సన్న మొన ఉన్న స్క్రూడ్రైవరు, నుదుటిమీద చిన్న లైటు, విప్పిన ప్రతి స్క్రూనీ అయస్కాంతం పరిచిన పలక మీద అది ఏ మూలదో ఆ మూలకే పెడుతున్నాడు. అంత జాగ్రత్త మనిషి.

“మీకు రెండో సర్వీసు మొదట్లో బాగా పడుద్దక్కా. గంటా నలభై నిమిషాలు దాటిందా, నెట్టుకి తగలడం మొదలుపెడుద్ది. చూసుకోండి కావాలంటే. డబల్ ఫాల్టులన్నీ అక్కడే.”

బుజ్జి నా వైపు తిరిగింది. “గంటా నలభై! కోచ్ కూడా ఇంత కచ్చితంగా చెప్పలేదన్నయ్యా.” తరవాత వాడితో, “వీడియోలు ఎక్కడ దొరికాయి నీకు? ఆ మ్యాచ్‌లకి కెమెరా కూడా ఉండదే” అంది.

“వీడియో లేదక్కా. స్కోరే. షాపు మూశాక కూర్చుంటా. పాయింటు పాయింటూ చూస్తా. తెల్లారిపోయిన రోజులున్నాయి.”

“నువ్వూ ఆడతావా?”

“రాకెట్ ఎప్పుడూ పట్టుకోలేదక్కా.”

దాని మొహం నేను వర్ణించను. మూడో సెట్లో ఒంటరిగా చచ్చినన్ని సార్లూ ఇక్కడ ఒకడు నిద్ర మానుకుని తోడున్నాడు. నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, చిన్న గొంతుతో, “స్కూలు వాళ్లని ఒక్క ఏడాది ఆగమని అడిగితే బాగుండదా?” అంది. ఆగుతారో లేదో నాకు తెలియదు గానీ, అడుగుదాం అన్నాను. అప్పటికప్పుడు లెక్కలేసుకుంది. అంటాల్యా టికెట్టు ముందుగా తీసుకుంటే ఎంత, రాకెట్లలో ఒకటి అమ్మితే ఎంత.

స్క్రీన్ వెలిగింది. వాడు మెత్తటి గుడ్డతో తుడిచి రెండు చేతులతో ఇచ్చాడు. బుజ్జి పర్సు తీస్తే, “వద్దక్కా, మీ దగ్గర డబ్బులా?” అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“అదేంటి, తీసుకో.”

“వద్దక్కా. ఈ షాపు అడ్వాన్సే మీ చలవ.”

“నా చలవేమిటి?”

వాడు నన్నోసారి, వీధినోసారి చూశాడు. గొంతు తగ్గించాడు. “నాకొక ఐడీ ఉందక్కా.”

ఈ ఛత్తీస్‌గఢ్‌లో ఐడీ అంటే ఏమిటో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. భిలాయిలో జ్యూస్ షాపు పెట్టుకున్న సౌరభ్ చంద్రాకర్, అతని స్నేహితుడు రవి ఉప్పల్ కలిసి దుబాయి నుంచి మహాదేవ్ అనే బెట్టింగ్ యాప్ నడిపారని, క్రికెట్టుతో పాటు టెన్నిస్, బ్యాడ్మింటన్ మీద కూడా పందేలు కాయించారని ఈడీ 2023లో కేసు బయటపెట్టింది. చంద్రాకర్ పెళ్లికే 200 కోట్లు నగదుగా ఖర్చయిందని కూడా ఈడీ లెక్క చెప్పింది. ఆ పేరు పోతే ఇంకో పేరు వచ్చింది. వాట్సాప్‌లో అడిగితే ఐడీ, పాస్‌వర్డు పంపుతారు.

బుజ్జికి ఇంకా అర్థం కాలేదు. “నా మీద పెడతావా? నేను గెలుస్తానని?” అంది. కళ్లలో ఆశ అలాగే ఉంది.

“మొదటి సెట్ మీరు గెలవాలక్కా. గెలిచినప్పుడల్లా దంతేశ్వరికి కొబ్బరికాయ కొడతా. మీరు గెలవగానే అవతలి పిల్ల రేటు పెరుగుద్ది, రూపాయికి రూపాయిన్నర దాకా. అప్పుడు ఆ పిల్ల మీద పెడతా. మూడో సెట్టు ఎలాగూ…” అని ఆగాడు. మర్యాద తెలిసిన కుర్రాడు.

రోడ్డు మీద రథం పగ్గాలు మోసుకుపోతున్న కుర్రాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. బుజ్జి చాలాసేపటికి అడిగింది.

“ఎప్పుడూ పోలేదా నీకు?”

“ఒక్కసారి. అంటాల్యా, 7-5.” వాడు తల దించుకున్నాడు. “ఆ రాత్రి కోపంలో మీకొక మెసేజ్ పెట్టానక్కా. తప్పయిపోయింది. అమ్మ మీద ఒట్టు, మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు.”

బుజ్జి పర్సులోంచి 1,800 లెక్కపెట్టి ప్లాస్టిక్ పొర మీద పెట్టింది. వాడు తీసుకోలేదు. మేం మెట్లు దిగుతుంటే కౌంటరు మీదకి వంగి పిలిచాడు.

“అక్కా, ఇందాక సార్‌తో స్కూలు, ఉద్యోగం అంటుంటే విన్నా. ఆట మాత్రం మానకండక్కా. మాఘంలో మా చెల్లి పెళ్లి పెట్టుకున్నాం.”